చెవికెక్కిన మీసం

ఆ బుధవారం పొద్దున ప్రణాలి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోపు ఇంట్లో పనికిరాని వస్తువేదో ఒకటి వెతకాలి. మధ్యాహ్నానికి దాన్ని కత్తిరించాలి. మర్నాటికల్లా అది యాభై జతల చెవిపోగులు కావాలి. శనివారం అశోక్ చౌక్ మహిళా మండలి వాళ్ల ప్రదర్శన ఉంది. అందులో ప్రణాలికి ఒక బల్ల ఇచ్చారు. బల్ల మీద పరిచే గుడ్డ సిద్ధంగా ఉంది, పెట్టడానికి సరుకే లేదు.

ప్రణాలి ఎం.కాం. చదివింది. ఆ తర్వాత ఫోన్‌లో మూడు వారాల కోర్సు చేసి, పారేసే వస్తువులకు కొత్త రూపమిచ్చి అమ్మే సస్టైనబుల్ వ్యాపారం ఎలా నడపాలో నేర్చుకుంది. వచ్చిన సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. ఫ్రేము మాత్రం కొత్తదే కొన్నారు. వ్యాపారానికి 'పునర్జన్మ' అని పేరు పెట్టింది. మీ చుట్టూ ఉన్న చెత్తే మీ పెట్టుబడి అని కోర్సులో చెప్పిన మేడమ్ నీలం నగర్‌లో నేతవాళ్ల ఇల్లు ఎప్పుడూ చూసి ఉండదు.

ఆ ఇంట్లో చెత్త పుట్టకముందే దానికి వారసులుండేవారు. మగ్గం కింద రాలిన నూలు తుక్కు మగ్గం తుడవడానికి పోతుంది. నూలు చుట్టుకుని వచ్చిన కాగితపు గొట్టాలతో తల్లి చంద్రభాగ సీసాల్లోకి నూనె పోస్తుంది. ఆమె చుట్టే బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకు, స్నానాల నీళ్లు కాగే పొయ్యిలోకి పోతుంది. పాత చద్దరు నేల మీద పరుపవుతుంది, చిరిగితే గడప ముందు పట్టా అవుతుంది, ఇంకా చిరిగితే మసిగుడ్డ అవుతుంది. ఒకసారి ప్రణాలి మగ్గంలో అడ్డపోగును మోసే నాడె, విరిగినది ఒకటి తీసుకుంటానని అడిగితే, తండ్రి పెంటప్ప ఆ నాడె ఏ ఏడు ఏ చద్దరు నేసిందో గంటసేపు చెప్పి, మళ్లీ తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టాడు. అప్పటినుంచి ఆమె తండ్రిని అడగడం మానేసింది.

పెంటప్పకు ముందు ఇల్లు, వెనక కార్ఖాన. కార్ఖానలో నాలుగు జకార్డు మగ్గాలు. రెండు నడుస్తాయి, రెండు పడుకున్నాయి. పడుకున్న రెంటి మీద ఇనుప తుక్కు కొనే మంగేశ్ సుద్దముక్కతో అడ్డగీతలు గీసి వెళ్లాడు. మిగిలిన రెంటి మీదా గీయబోతే పెంటప్ప వాడి చెయ్యి పట్టుకున్నాడు. చేతిలో ఒక ఆర్డరుంది, అది నెగ్గితే ఏడాది పొడుగునా పని వస్తుంది, నెగ్గకపోతే నాలుగూ నువ్వే మోసుకుపో అన్నాడు. ఆ ఆర్డరేమిటో కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. చెప్పనని ఒట్టేశాడు.

మనం ఒట్టేయలేదు కనుక చెప్పుకోవచ్చు. నేతవాళ్ల పతసంస్థ ఒకటి ఉంది, అప్పులిచ్చే సంఘం. దానికి చైర్మన్ రాజారాం శేట్. ఆయనకు అరవై నిండుతున్నాయి. సన్మానసభలో అరవైమంది పెద్దలకు అరవై చద్దర్లు కప్పాలని, ప్రతి చద్దరు నడుమా శేట్ మొహం నేసి ఉండాలని సెక్రటరీ మల్లప్పకు బుద్ధి పుట్టింది. శేట్‌కు తెలియకుండా ఆయనను ఆశ్చర్యపరచాలట. మొహం అంటే ముఖ్యంగా మీసం. అశోక్ చౌక్‌లో ఆ మీసం ముందు వస్తుంది, దాని వెనక శేట్ వస్తాడు. మీటింగులో ఎవరైనా లెక్క అడిగితే ఆయన మీసం కుడివైపు మెలేస్తాడు, రెండోసారి అడిగితే ఎడమవైపు మెలేస్తాడు, మూడోసారి అడిగిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

ఇదేమీ తెలియని ప్రణాలి నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. అటక మీద ఐదు అట్టల మూటలున్నాయి. జకార్డు మగ్గానికి డిజైన్ చెప్పేవి ఈ అట్టలే. చిల్లులు పొడిచిన పొడుగాటి అట్టలను వరసగా దారంతో కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తారు. చద్దరులో అడ్డంగా పడే ఒక్కో పోగుకు ఒక్కో అట్ట. ఐదు మూటల్లో నాలుగింటికి కుంకుమ బొట్టు ఉంది. ఐదోదానికి లేదు.

ప్రణాలి ఆలోచించింది. దసరా ఆయుధపూజ అయి నెల కూడా కాలేదు. పూజనాడు తండ్రి నాలుగు మగ్గాలకే కాదు, నూనె డబ్బాకు, స్క్రూడ్రైవరుకు, ఫ్యూజు పెట్టెకు కూడా బొట్టు పెట్టే మనిషి. అలాంటి మనిషి బొట్టు పెట్టలేదంటే ఆ మూటతో ఆయనకు రుణం తీరిపోయిందన్నమాట. అట్టలు పసుపుపచ్చగా ముసలివై ఉన్నాయి కూడా. నేతింటి పిల్ల తప్ప ఇంకెవరూ ఇంత చక్కగా తర్కించలేరు. ఆ మూట దసరా వెళ్లిన నాలుగో రోజు ఇంటికి వచ్చిందనీ, భవాని పేట్‌లో అట్టలు పొడిచే వెంకటేశ్ మూతపడ్డ మిల్లు నుంచి కొన్న పాత అట్టలే వాడతాడనీ ఆమెకు తెలిసే దారి లేదు.

పైనున్న అట్టలకు దుమ్ము పట్టింది. అందుకని మూట నడుమ నుంచి శుభ్రంగా ఉన్న నలభై ఎనిమిదింటిని కత్తిరించి తీసింది. అంతటితో దిగి వచ్చినా బాగుండేది. కాని తెగిన కొసలను వేలాడనిచ్చి వెళ్లడానికి చేతులు రాలేదు. ఆరేళ్లప్పుడు నాయిన ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పిన నేతముడి వేసి రెండు కొసలనూ కలిపేసింది. వేలితో తడిమినా తగలని ముడి అది. ఆ రోజు ప్రణాలి కాస్త అడ్డదిడ్డంగా ముడేసి ఉంటే ఈ కథ లేదు.

ఒక్కో అట్టకు ఒక జత చెవిపోగులు వచ్చాయి. ఆకు ఆకారంలో కోసి, అంచుకు ఎర్రదారం చుట్టి, కొక్కెం తగిలించింది. మిగిలిన తునకలు చంద్రభాగ నీళ్ల పొయ్యిలో వేసింది. పునర్జన్మలో ఏదీ వృథా కాదు. ప్రతి జతకూ ఒక చీటీ కట్టింది. "మా ముత్తాత మగ్గం మీద నూరేళ్ల కింద ఆడిన నెమలి ఈ చిల్లుల్లో ఉంది" అని రాసింది. ముత్తాత జీవితమంతా గళ్ల తువాళ్లు తప్ప ఇంకేమీ నేయలేదు. కాని ప్రతి వస్తువుకూ ఒక కథ ఉండాలని కోర్సులో రెండో వారం చెప్పారు.

ప్రదర్శనలో మొదటి జత కొన్నది మహిళా మండలి అధ్యక్షురాలు భాగ్యలక్ష్మి, అంటే సాక్షాత్తూ రాజారాం శేట్ భార్య. నూరేళ్ల నెమలి అనగానే ఆవిడ ముచ్చటపడి అక్కడే చెవులకు పెట్టుకుంది. శేట్ ఇల్లాలు పెట్టుకున్నాక వైస్ చైర్మన్ ఇల్లాలు పెట్టుకోకుండా ఉంటుందా? డైరెక్టర్ల ఇల్లాళ్లు ఊరుకుంటారా? గంట తిరగకముందే బల్ల ఖాళీ అయింది. అశోక్ చౌక్‌లో పేరున్న ప్రతి చెవికీ నెమలి వేలాడింది. ప్రణాలి ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మీరు తరతరాలుగా నేస్తూనే ఉన్నారు గానీ వ్యాపారం చేయడం తెలియలేదని తండ్రికి నచ్చచెప్పింది. పెంటప్ప తలూపాడు. ఆయన మనసంతా సోమవారం మీద ఉంది.

సోమవారం ఆయన అటక మీది బొట్టు లేని మూట దింపి మగ్గానికి ఎక్కించాడు. ముడి తగలలేదు. మగ్గం ఎక్కడా ఆగలేదు. చద్దరును తిరగేసి నేస్తారు, అంటే వెనకభాగం పైకి, ముందుభాగం కిందికి. నేసేవాడికి కనబడేది జానెడు గుడ్డ. కన్ను దాటిపోతుంది, ముక్కు దాటిపోతుంది, నేసిన గుడ్డను చుట్టే దోనెకు, కిందికి చుట్టుకుపోతుంది. కరెంటు ఉన్నంతసేపు నేస్తూ, పోయినంతసేపు కూర్చుంటూ, పెంటప్ప పదకొండు రోజుల్లో అరవై చద్దర్లు పూర్తిచేశాడు. అంత బాగా నడిచిన డిజైన్ ఈ మధ్య లేదని వెంకటేశ్‌ను మనసులో మెచ్చుకున్నాడు కూడా.

సభ ఆదివారం సాయంత్రం. శనివారం పొద్దున మల్లప్ప వచ్చాడు. పెంటప్ప పెళ్లికూతురిని చూపినట్టు మొదటి చద్దరు తెచ్చి నేల మీద పరిచాడు. మల్లప్ప ఒకసారి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. నుదురు ఉంది, కళ్లున్నాయి, ముక్కుంది. ముక్కు కింద వెంటనే పెదవులున్నాయి. మధ్యన రెండు అంగుళాల మొహం మాయమైంది. ముక్కు వచ్చి పెదవి మీద కూర్చుంది.

"ఇదెవలు పెంటప్పా?" అన్నాడు మల్లప్ప.

పెంటప్ప చద్దరును తిరగేసి చూశాడు. ఈలోగా మల్లప్ప అందుకున్నాడు. వచ్చే నెల పతసంస్థ ఎన్నికలు. ఇలాంటి వేళ చైర్మన్ మీసం తీసేసి అరవైమంది భుజాల మీద కప్పడం ఎవరి పన్నాగమో తనకు తెలుసన్నాడు. ఎదుటి ప్యానెల్ వాళ్లు నీకేమి ఆశ చూపారని అడిగాడు. ఈ చద్దర్లు ఒక్కటి కూడా తీసుకోనని, ఏడాది పని సంగతి ఇక మరిచిపొమ్మని చెప్పి, "శేట్‌కు నేనే చెప్త" అని బండెక్కాడు.

పెంటప్ప కోపమంతా వెంకటేశ్ మీదికి మళ్లింది. ఒక చద్దరు చంకన పెట్టుకుని భవాని పేట్ వెళ్లి, నలుగురూ వింటుండగా, మీసం మింగినవాడా అని తిట్టాడు. వెంకటేశ్ అట్టకో గీత చొప్పున డిజైన్ వేసిన కాగితం తెచ్చి చూపించాడు. నాలుగు వందల పన్నెండో గీత నుంచి నాలుగు వందల యాభై తొమ్మిదో గీత దాకా మీసం నిక్షేపంగా ఉంది. "నీ కాడ అట్టల లెక్క సూసుకో" అన్నాడు. ఆ పైన, ఇంత మాట పడ్డాక నీకు ఒక్క చిల్లు కూడా పొడవనని, మనసు కుదుటపడేందుకు తుల్జాపూర్ అమ్మవారి దగ్గరికి పోతున్నానని, దుకాణానికి తాళం వేశాడు. ఫోన్ కూడా ఆపేశాడు.

ఇంటికొచ్చి పెంటప్ప అట్టల మీద అంకెలు చూసుకుంటూ పోయాడు. నాలుగు వందల పదకొండు పక్కన నాలుగు వందల అరవై ఉంది. రెండింటి మధ్య దారాన్ని వేళ్ల నడుమ పెట్టి నలిపాడు, గోటితో గీకాడు. అప్పుడు దొరికింది ముడి. తర్వాత ఇంటి లోపలికి తిరిగి, "బిడ్డా, ఈ ముడి మనింటిదే గదా?" అని అడిగాడు.

ప్రణాలి వచ్చింది, తండ్రి చెప్పగా ఆర్డరు సంగతి, ఒట్టు సంగతి వింది. అట్టలు చూసింది, చద్దరు చూసింది. తప్పు నాదే నాయినా, బొట్టు లేదని తీసినా అని ఏడ్చింది. పెంటప్ప కొట్టలేదు, తిట్టలేదు. మగ్గానికి ఆనుకుని, "మంగేశ్‌కు ఫోన్ చెయ్. నాలుగూ తీస్కపొమ్మను" అన్నాడు. చిన్నప్పటినుంచి మగ్గం చప్పుడు లేకుండా ప్రణాలి ఒక్క మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు.

ఏడుపు ఆపి ఉపాయం ఆలోచించింది. కొత్తగా అరవై నేయడానికి వ్యవధి లేదు. కాని వేదిక మీద విప్పి చూపేది ఒక్కటే. మిగతావి మడతల్లో ఇస్తే మొహాలెవరు చూస్తారు? ఒక్క చద్దరు నేయడం గంటల పని. చెవిపోగులు వెనక్కి తెచ్చి, జతకు జత అతికించి, మళ్లీ అట్టలు చేస్తే చాలు. మిగిలిన తునకలు పొయ్యిలో బూడిదైన సంగతి ఆ కంగారులో ఆమెకు గుర్తు రాలేదు.

వరసగా ఇళ్లు తిరగడం మొదలుపెట్టింది. నిజం చెప్పడానికి లేదు, ఒట్టు తండ్రిది. అందుకని వైస్ చైర్మన్ ఇంట్లో, సరుకులో లోపముంది, తిరిగి ఇచ్చేయండి అంది. ఆవిడ చెవులు మూసుకుంది. నిన్నటిదాకా లేని లోపం ఈ రోజెందుకు వచ్చిందని ఆవిడకు అనుమానం. నూరేళ్ల వస్తువు కదా, ఏ మ్యూజియం వాడో వచ్చి ఉంటాడని పక్కింటావిడతో అంది. పక్కింటావిడ ఫోన్లో ఇంకొకరికి చెప్పేసరికి మ్యూజియం వాడు విమానంలో వచ్చాడు. ప్రణాలి మూడో ఇంటికి చేరేలోపు అశోక్ చౌక్ ఆడవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. అడిగినకొద్దీ నెమలి విలువ పెరిగింది. ఒకావిడ చెవిపోగులు తీసి బీరువాలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఒకావిడ తలుపే తీయలేదు.

ఒక్క జత కూడా చేతికి రాకుండా ప్రణాలి ఇల్లు చేరింది. ఆమె వెనకే రిక్షాలో భాగ్యలక్ష్మి దిగింది. తానే మొదట కొన్న వస్తువును, తనను తప్పించి అందరినీ అడుగుతున్నావెందుకని నిలదీయడానికి వచ్చింది. అప్పుడే ఇంకో పక్కనుంచి, మల్లప్పను వెంటబెట్టుకుని, కారు దిగి రాజారాం శేట్ వచ్చాడు. మల్లప్ప చెప్పింది విని ఆయన కుడి మీసం, ఎడమ మీసం ఒకేసారి మెలేస్తున్నాడు. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి కార్ఖానలో అడుగుపెట్టారు. నేల మీద చద్దరు అలాగే పరిచి ఉంది.

పెంటప్ప దాచలేదు. ఆర్డరు సంగతి, అట్టల సంగతి చెప్పి, తప్పు తనదేనన్నాడు. ప్రణాలి ముందుకొచ్చి తప్పు తనదంది. నెమలి లేదు, ముత్తాతా లేడు, ఆ నలభై ఎనిమిది అట్టలూ మీసమేనంది.

భాగ్యలక్ష్మి చెవులు తడుముకుంది. "అంటే నేను పదిహేను దినాల సంది ఈయన మీసం చెవులకు పెట్టుకుని తిరుగుతున్ననా?"

"ఔను కాకూ" అంది ప్రణాలి. మండలిలో చిన్నవాళ్లంతా ఆవిడను పిన్నీ అనడానికి కాకూ అంటారు.

"మండలి ఆడోళ్లందరు గూడ?"

"అందరు గూడ" అంది ప్రణాలి. తన మీసం ఊళ్లో నలభై ఎనిమిది మంది ఆడవాళ్ల చెవుల్లో ఊగుతోందని అప్పుడే తెలిసిన శేట్, మీసం మీద నుంచి చేతులు తీసేశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తోచక జేబుల్లో పెట్టుకున్నాడు. ఈ మగ్గాలు రేపే తుక్కులోకి పోవాలని, ఈ చద్దర్లు తగలబెట్టాలని గట్టిగా అన్నాడు.

భాగ్యలక్ష్మి ఆ మాట వినలేదు. ఆవిడ వంగి చద్దరు చూస్తోంది. చూసీ చూసీ, "పెండ్లి సూపులల్ల సూసిన మొగం ఇది. ముప్పై ఐదేండ్లైంది. మల్ల ఇయ్యాల్నే సూస్తున్న" అంది. శేట్ కంగారుపడి మల్లప్ప వైపు చూశాడు. మల్లప్ప పైకప్పు వైపు చూశాడు.

ఇంతసేపూ మూలన కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న చంద్రభాగ తలెత్తకుండానే మాట్లాడింది. "అరవై చద్దర్లు మల్ల నెయ్యాలంటే పదకొండు దినాలు పడ్తది శేట్. ఒక్క మీసం తీయాలంటే ఐదు నిమిషాలు. ఏది అగ్గువో మీరే సూడుండ్రి."

శేట్ మండిపడ్డాడు. మీసం లేకుండా వేదిక ఎక్కడం కన్నా చావడం నయమన్నాడు. చంద్రభాగ ఇంకో బీడీకి దారం చుట్టింది. చద్దరు మీది మొహాన్ని చూస్తే యాభై కూడా ఉన్నట్టు లేవని, ఎన్నికల్లో కుర్రవాళ్ల ఓట్లన్నీ ఆ మొహానికే పడతాయని, తనకేమీ పట్టనట్టు అంది. శేట్ చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. చద్దరును ఇటు నుంచి చూసి, అటు నుంచి చూసి, మెల్లగా అడిగాడు: "నిజంగ యాభై లేవా?"

ఆదివారం పొద్దున మంగలిని ఇంటికే పిలిపించారు. సాయంత్రం సభలో చిన్న ఇబ్బంది వచ్చింది. శేట్‌ను ఎవరూ గుర్తుపట్టలేదు. గుమ్మం దగ్గర కార్యకర్త ఆయనను ఆహ్వానపత్రం అడిగాడు. మొదటి దండ పక్కన నిలబడ్డ మల్లప్ప మెడలో పడింది. కాని చద్దరు విప్పి పట్టుకున్నాక, వేదిక మీది మొహం, చద్దరు మీది మొహం ఒకటేనని అందరూ ఒప్పుకున్నారు. శేట్ వినయంగా, ఎన్నికల సందర్భంగా పాతను వదిలిపెట్టానని ఉపన్యసించాడు. మర్నాడు పెంటప్పకు ఏడాది పని రాసి ఇచ్చారు. వెంకటేశ్ తుల్జాపూర్ నుంచి ప్రసాదంతో వచ్చి, తిట్టిన నోట్లోనే పెట్టాడు.

అశోక్ చౌక్‌లో మీసమున్న శేట్ బొమ్మతో కట్టిన పద్నాలుగు ఫ్లెక్సీ బోర్డులు దింపవలసి వచ్చింది. చెత్తబండి వాడికంటే ముందు ప్రణాలి చేరుకుని అన్నీ తెచ్చి సంచులు కుట్టింది. ఇప్పుడు నీలం నగర్ ఆడవాళ్లు కూరగాయలకు ఆ సంచులే తీసుకెళ్తారు. శేట్ మీసం పైనుంచి కొత్తిమీర తొంగిచూస్తూ ఉంటుంది. చెవిపోగులు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. నెమలి కాదు, చైర్మన్ మీసమని తెలిశాక ఎదుటి ప్యానెల్ వాళ్ల ఇల్లాళ్లు కూడా వచ్చి అడిగారు. ప్రణాలి అవి అయిపోయాయంది. అట్ట కనబడితే ఆమెకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

శేట్ ఎన్నిక గెలిచాడు. కాని గెలిచాక మొదటి మీటింగులో ఒక సభ్యుడు లేచి లెక్క అడిగాడు. శేట్ చెయ్యి అలవాటుగా మూతి మీదికి పోయి, అక్కడేమీ దొరక్క దిగివచ్చింది. ఆ సభ్యుడు రెండోసారి అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. ఆ రాత్రి నుంచే శేట్ మంగలిని మాన్పించాడని భాగ్యలక్ష్మి చెప్పింది.

నాలుగు నెలలకు మీసం పూర్వవైభవానికి వచ్చింది. వచ్చాక చద్దర్లతో చిక్కొచ్చింది. ఎవరింటికి వెళ్లినా మంచం మీద మీసం లేని శేట్ కనబడుతున్నాడు. చివరికి మల్లప్ప తలవంచుకుని వచ్చి, మీసంతో ఇంకో అరవై నేయమని పెంటప్పకు ఆర్డరిచ్చి, పాత అరవై చద్దర్లూ తిరిగి తెప్పించి, సంచులు కుట్టుకొమ్మని ప్రణాలికి ఇచ్చి వెళ్లాడు. పడుకున్న రెండు మగ్గాల మీద మంగేశ్ గీసిన సుద్దగీతలను పెంటప్ప తడిగుడ్డతో తుడిచేశాడు. కోర్సు మేడమ్‌కు ప్రణాలి ఫోన్ చేసి ఇదంతా చెబితే, ఆవిడ ఇలాంటి గొప్ప సస్టైనబుల్ పద్ధతి ఇంతవరకు వినలేదని మెచ్చుకుందట. చంద్రభాగ విని, మీసమొక్కటే బిడ్డా పారేసినా దానంతటదే మొలిచేది, అంది.

వెంకటేశ్ కొత్త మూట తెచ్చి ఇచ్చిన రోజు దసరా కాదు, పండగ కూడా కాదు. అయినా పెంటప్ప స్నానం చేసి, మూట, కుంకుమ భరిణె పట్టుకుని అటకెక్కి, సాయంత్రం దాకా కిందికి దిగలేదు. పన్నెండు వందల అట్టలకూ ఒక్కొక్కదానికే బొట్టు పెట్టాడు.